కంది కట్టె ప్లాస్టిక్‌లో కలిస్తే

వికారాబాద్ జిల్లా నవాబుపేట మండలంలో జనవరి దాటేసరికి కంది కోతలు అయిపోతాయి. కాయ కొట్టుకున్నాక మిగిలేది కట్టె. ఇదే జిల్లాలోని తాండూరు కందిపప్పుకు 2022 డిసెంబరులో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపు గింజకే, కట్టెకు కాదు. ఆ కట్టెను పొడి చేసి ప్లాస్టిక్‌లో కలిపితే గట్టి వస్తువు తయారవుతుందా? అయితే మాత్రం చేయాలా? ఈ రెండు ప్రశ్నలూ వేర్వేరు. వాటిని విడదీసి చూడటానికే ఈ సంవాదం. మాట్లాడేవాళ్ళు ఇద్దరు. మామ కాటేదాన్‌లో చాలాకాలం ప్లాస్టిక్ మోల్డింగ్ మెషిన్ నడిపి, ఇప్పుడు ఊళ్ళో సేద్యం చూసుకుంటున్నాడు. మేనకోడలు పాలిమర్ల చదువు పూర్తిచేసి, నవాబుపేటలోనే ఒక చిన్న యూనిట్ పెట్టాలనుకుంటోంది. ఈ ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టింది నేనే. అవసరమైన చోట మధ్యలో నా మాటా చెబుతాను.

మామ: ఏం బిడ్డా, కంది కట్టె మీద పడ్డదట నీ కన్ను. మీ అమ్మ చెప్పింది. పొయ్యిల పెట్టేదాన్ని తీస్కపోయి ప్లాస్టిక్ దానాల కలుపుతవట. మెషిన్ల చారెడు చెత్త పడితెనే మాల్ వాపస్ వస్తుండె మాకు. నువ్వేమో బస్తాలకు బస్తాలు పోస్తనంటున్నవు.

మేనకోడలు: తెల్వకుంట పడితే చెత్త మామా. ఎండబెట్టి, జల్లెడ పట్టి, లెక్క ప్రకారం కలిపితే అది ఫిల్లర్. నువ్వు మాత్రం ఉత్త దానాతోనే కుర్చీలు చేసినవా? రాతి పొడి కలపలేదా?

మామ: కలిపిన. కాల్షియం మాస్టర్‌బ్యాచ్ వెయ్యకుంటే ఆ ధరకు కుర్చీ ఎట్ల వస్తది? కని అది రాయి. కుళ్ళదు, మాడదు, నీళ్ళు తాగదు. కట్టె ఈ మూడూ చేస్తది.

మేనకోడలు: చేస్తది. అయినా నూరేండ్ల సంది ప్లాస్టిక్‌ల కట్టె పొడి ఉన్నది. మన ఇంట్ల కుక్కర్ పిడి ఉన్నది గద, నల్లది, దాన్ని బేకలైట్ అంటరు. లియో బేక్‌లాండ్ అనే ఆయన 1907ల కనిపెట్టిండు. ఆ రెసిన్ ఒక్కటే అయితే పెళుసుగ ఉంటది, దెబ్బ తగిలితే పగులుతది. అందుకని మొదటి సంది అండ్ల చెక్క పొడి కలుపుతనే ఉన్నరు. పాత ఇండ్లల్ల నల్ల స్విచ్‌లు, ఫోన్లు, రేడియో డబ్బాలు అన్నీ అవే.

మామ: మరి అదే పిడి విరిగితే ఏం చేస్తవు? కరిగించి ఇంకోటి చేస్తవా? చెయ్యలేవు. ఒక్కసారి గట్టిపడ్డదంటే ఇగ అంతే. స్క్రాప్‌ల కూడ తీస్కోరు.

మేనకోడలు: ఆ మాట నిజమే. జర్మనీల ట్రాబంట్ అని ఒక కారు ఉండె. 1957 సంది 1991 దాక 30 లక్షలకు పైగ తయారైనయి. దాని పై తొడుగు ఇనుప రేకు కాదు, పత్తి మిల్లుల మిగిలిన నార, ఫినాల్ రెసిన్ కలిపి ఒత్తి చేసింది. తుప్పు పట్టదు, తేలిక. కని కారు పాతదైనంక ఆ తొడుగును ఏం చెయ్యాల్నో ఎవరికీ అర్థం కాలేదు. అందుకనే నేను ఫినాల్ దిక్కు పోతలేను. పాలీప్రొపిలీన్‌ల, అంటే పీపీల, కలుపుత. అది మళ్ళ కరుగుతది.

మామ: పీపీల కలుపుతవు, సరే. బ్యారెల్ ఎంత మీద పెడతవు? నేను 220 డిగ్రీలు పెడుతుండె. అంత వేడికి నీ కట్టె మాడి బొగ్గయితది. షెడ్డంత వాసన కొడ్తది.

మేనకోడలు: 200 దాటనియ్యను. కట్టెలున్న సెల్యులోజ్, హెమిసెల్యులోజ్ ఆ వేడి దాటితే చెడిపోవుడు మొదలుపెడతయి. పీపీ 165 కాడ్నే కరుగుతది కాబట్టి సరిపోతది. పాలిథిన్ ఇంక తక్కువకే కరుగుతది. నైలాన్, పెట్ బాటిల్ మాల్ అయితే కుదరదు, వాటికి 220, 250 పైన కావాలె. మొక్క పొడి కలిపేటోళ్ళు పీపీ, పాలిథిన్, పీవీసీ చుట్టే తిరుగుడు అందుకే.

మామ: తేమో? వానకాలం ఉత్త దానాల తేమున్నా పీసు మీద వెండి గీతలు వస్తయి. కట్టె పొడి అయితే గాలిల ఉన్న నీళ్ళు గుంజుకుంటది. బ్యారెల్ల ఆవిరయితది, పీసు లోపల బుడగలే.

మేనకోడలు: ఆరబెట్టాలె. నూరు డిగ్రీల ఓవెన్ల పెట్టి తేమ ఒకటి, రెండు శాతానికి దించాలె, చల్లారకముందే మెషిన్ల పొయ్యాలె. దాంట్ల తప్పించుకునే దారి లేదు మామా. కరెంటు ఖర్చు ఆడ్నే ఉన్నది.

మామ: ఇప్పుడు అసలు సంగతి అడుగుత. నార అయితే నేను ఒప్పుకుంట. జనుము, గోగు నార పొడుగుంటది, లాగితే పట్టుకుంటది. పొడి ఏం పట్టుకుంటది? నువ్వు కట్టెను దంచి దాని బలం నువ్వే తీసేస్తున్నవు.

ఇక్కడ ఆగాలి. ఈ విషయం మీద వచ్చే ప్రచారంలో తరచూ కప్పిపుచ్చే చోటు ఇదే. మామ అడిగింది అసలైన ప్రశ్న. బలం, బిగువు ఒకటి కావు. వంగకుండా నిలబడటం ఒక గుణం, తెగకుండా నిలబడటం ఇంకోటి, దెబ్బకు పగలకపోవడం మూడోది. పొడి మొదటిదాన్ని పెంచుతుంది, రెండోదాన్ని చాలాసార్లు తగ్గిస్తుంది, మూడోదాన్ని బాగా దెబ్బతీస్తుంది.

మేనకోడలు: నార పని వేరే, పొడి పని వేరే. కాంక్రీట్‌ల సలాక ఉంటది, కంకర ఉంటది. పొడి కంకర లెక్క. లాగుడుకు అంత అక్కరకు రాదు. కని వంగుడును ఆపుతది, ఎండకు సాగుడును తగ్గిస్తది, ఖరీదు మాల్ ఉండేకాడ చౌక మాల్ కూసుంటది. అమెరికాల మాడిసన్ అనే ఊళ్ళె అడవుల శాఖ వాళ్ళ ప్రయోగశాల ఉన్నది. వాళ్ళు పీపీల నూటికి 40 పాళ్ళు చెక్క పొడి కలిపి కొలిచిన్రు. బిగువు 1.53 గిగాపాస్కల్ ఉన్నది 3.87కు పెరిగింది. రెండున్నర రెట్లు.

మామ: తెగుడు?

మేనకోడలు: 28.5 మెగాపాస్కల్ ఉన్నది 25.4కు దిగింది.

మామ: చూసినవా? నేనదే అంటున్న.

మేనకోడలు: ఇంకొంచెం విను. దిగిందెందుకు? కట్టెకు నీళ్ళంటే ఇష్టం, ప్లాస్టిక్‌కు నీళ్ళు పడయి. రెండూ పక్కపక్కన ఉంటయి గని అంటుకోవు. బరువు పడంగనే ఆ సందుల్ల చీలిక మొదలయితది. అంటుకునేటట్టు చేసేదానికి మేలిక్ ఎన్‌హైడ్రైడ్ అతికించిన పీపీ అని ఒకటి దొరుకుతది. దాని ఒక కొస కట్టెను పట్టుకుంటది, ఇంకో కొస ప్లాస్టిక్‌ల కలిసిపోతది. అదే మిశ్రమంల ఇది నూటికి మూడు పాళ్ళు వేస్తే బలం 32.3కు ఎక్కింది. ఉత్త పీపీ కంటే ఎక్కువ.

మామ: దెబ్బ సంగతి చెప్పు. కిందేస్తే?

మేనకోడలు: చెప్త. దాస్తలేను. గాటు లేని ముక్కను సుత్తితోని కొట్టే పరీక్షల ఉత్త పీపీ మీటరుకు 656 జౌళ్ళు తట్టుకున్నది. 40 పాళ్ళ చెక్క పొడి కలిపింది 73. తొమ్మిదో వంతు.

మామ: ఇగ కుర్చీలు, బకెట్లు, టమాట క్రేట్లు మరిచిపో. మార్కెట్ల క్రేట్లను ఎట్ల ఇసిరేస్తరో నువ్వు చూడలేదు. పొద్దున ఆటోల నుంచి దించంగనే మూలలు పగుల్తయి.

మేనకోడలు: మరిచిపోయిన. ఇసిరేసేది, గుంజేది, కింద పడేది చెయ్యను. కదలకుంట ఒక్కచోట ఉండేదే చేస్త. తలుపు పలకలు, గోడ పట్టీలు, సీలింగ్ పలకలు, బెంచి మీది పట్టీలు.

మామ: అవి బజార్ల ఉన్నయి గద. డబ్ల్యూపీసీ తలుపులని బాత్రూములకు అందరూ అవే పెట్టుకుంటున్నరు.

మేనకోడలు: ఉన్నయి. అవి పీవీసీల కట్టె పొడి, రాతి పొడి కలిపి చేసేవి. అంటే మార్కెట్ నేను కొత్తగ పుట్టియ్యాల్సిన పని లేదు. అండ్ల పడే పొడి మన ఊరిది ఎందుకు కావద్దు అని అడుగుతున్న, అంతే.

మామ: రాయి మీద నీకేం కోపం? తాండూరు నిండ రాయే. పాలిష్ యూనిట్ల పక్కన బండ ముక్కల కుప్పలు చూస్తవు గద. రాయి వెయ్యి, కట్టెను వదిలెయ్యి.

మేనకోడలు: కోపం కాదు, లెక్క. ప్లాస్టిక్‌ల వేసే రాతి పొడి తెల్లగ, సాఫుగ ఉండాలె. మన నాపరాయిల ఇసుక పాలు, మట్టి పాలు కలిసి ఉంటయి. స్క్రూను అరగదీస్తది. మంచి రాతి పొడే తెచ్చినమనుకో, దాని సాంద్రత 2.7. నువ్వు దానా కిలోల కొంటవు, తలుపు మాత్రం సైజు చూసి అమ్ముతవు. లీటరు జాగ నింపాలంటే ఉత్త పీపీ 900 గ్రాములు కావాలె. 40 పాళ్ళు రాతి పొడి కలిపితే ముక్క 1230 గ్రాములు తూగుతది, అండ్ల పీపీ 740 గ్రాములు. 40 పాళ్ళు కట్టె పొడి కలిపితే ముక్క 1050 గ్రాములే, అండ్ల పీపీ 630. అదే సైజు పలకల ప్లాస్టిక్ తక్కువ పడ్డది, బరువూ తగ్గింది.

మామ: 630... ఆగు. ఉత్త మాల్ కంటే 270 గ్రాములు తక్కువ. లీటరుకు.

మేనకోడలు: అవు. నువ్వు వ్యాపారం చేసినోనివి. నీకు నేను చెప్పేదేం లేదు.

మామ: లెక్క మంచిగనే ఉన్నది. కని అండ్ల గ్రైండరు కరెంటు, ఓవెను కరెంటు, ఆ అతికించే మందు ఖర్చు వేసుకో. రాతి పొడి బస్తా కోసి పోస్తే అయిపోతది. ఇంకోటి, కట్టె కలిపితే తెల్లరంగు రాదు. మట్టి రంగు, కాఫీ రంగు, నలుపు. అంతే.

మేనకోడలు: తలుపుకు ఆ రంగులు చాలు. ఖర్చు ఎక్కువే. అందుకే యూనిట్ చేన్ల పక్కన ఉండాలంటున్న. కట్టె తేలికది, లారీ నిండినా తూకం ఉండదు. పొడి ఈడ్నే చేస్తే బస్తాల్ల పోతది.

మామ: వడ్ల ఊక తీస్కో. మిల్లు కాడ ఒక్క జాగల కుప్ప పడి ఉంటది, పొడిగ ఉంటది. కట్టె కోసేందుకు మనుషులు దొరుకుతరా?

మేనకోడలు: ఊక మిల్లులే బాయిలర్లకు వాడుకుంటయి, అమ్ముకుంటయి. ఇంకోటి, ఊక కాలిస్తే అయిదో వంతు దాక బూడిద మిగుల్తది, ఆ బూడిదల ఎక్కువ పాలు సిలికా. నీ బ్యారెల్ల అది ఆకురాయి పని చేస్తది. కంది కట్టె చెక్కలాంటిది, ఆ బాధ తక్కువ. మట్టి మాత్రం దులపాలె.

మామ: చెక్క కదా, చెదలు పట్టదా? నీళ్ళు తాగి ఉబ్బదా?

మేనకోడలు: ప్లాస్టిక్ చుట్టూ కప్పితే నెమ్మదిగ తాగుతది. అసలు తాగదని చెప్పను. ఫ్లోరిడాల కట్టె, ప్లాస్టిక్ కలిపి చేసిన నడకదారి పలకల మీద బూజు కాదు, కట్టెను తినే శిలీంధ్రమే పెరిగిందని 1998ల పరిశోధకులు రాసిన్రు. పొడి సగం దాటితే కణాలు ఒకదానికొకటి తగిలి నీళ్ళకు దారి అయితయి. అందుకని 40 దాటను, వానల పెట్టే పని ముందుగాల చెయ్యను.

మామ: మరి పేపర్లల్ల చదివిన, కట్టె పొడిని కాస్టిక్ సోడాల నానబెట్టి కడుగుతరట. బలం వస్తదట.

మేనకోడలు: ప్రయోగశాలల్ల చాలమంది అట్లనే చేస్తరు. కాస్టిక్ పెడితే పైన ఉన్న మైనం, హెమిసెల్యులోజ్, కొంత లిగ్నిన్ పోయి గరుకయితది. గరుకయితే ప్లాస్టిక్ పట్టుకుంటది.

మామ: కడిగిన నీళ్ళు ఏడికి పోతయి?

ఈ ప్రశ్న ఏ యూనిట్ ప్రణాళికలోనైనా మొదటి పేజీలో ఉండాలి. వికారాబాద్ పక్కన అనంతగిరి కొండల్లో మూసీ పుడుతుంది. ఆ నీళ్ళు 1920లో కట్టిన గండిపేట చెరువుకు చేరతాయి. ఈ పరీవాహకంలో కాస్టిక్ కలిసిన గోధుమరంగు నీళ్ళను వాగులోకి వదిలే పనిని మొక్క పేరు చెప్పి సమర్థించడం కుదరదు. ప్రయోగశాలలో గ్లాసెడు నీళ్ళే కాబట్టి వ్యాసాల్లో ఆ ఊసు రాదు. ఊళ్ళో అది ట్యాంకులకు ట్యాంకులు.

మేనకోడలు: కడుగుడే వద్దనుకున్న మామా. అందుకే మేలిక్ మందు తీస్కున్న. అది పొడితోని, దానాతోని హాపర్లనే పడ్తది, బ్యారెల్ల పని చేస్తది. నీళ్ళ పనే లేదు. కాస్టిక్ పెట్టిన పొడి ఇంకింత మంచిగ పట్టుకుంటదేమో, నాకు ఆ ఇంకింత అక్కరలేదు.

మామ: ఆ మాట బాగుంది. ఇగ చివరిది. ఇది నువ్వు పుస్తకాల్ల చదవలేదు. కంది కట్టె చెత్త అని నీకు ఎవరు చెప్పిన్రు? మన ఊళ్ళె అది పొయ్యి. గ్యాస్ బండ ఉన్నోళ్ళు కూడ నీళ్ళు కాగపెట్టేందుకు కట్టెనే పెడతరు. కూలికి వచ్చిన ఆడోళ్ళు పొద్దుగూకి ఒక మోపు కట్టుకొని నెత్తి మీద పెట్టుకొని పోతరు. అడిగేటోడు లేడు. తడకలు అల్లుకుంటరు, కూరగాయల పాదులకు పెట్టుకుంటరు. రేపు నువ్వు కిలోకింత అని ధర పెడితే రైతు ఆ మోపు ఇస్తడా? నీ తలుపు సంగతి నాకు తెల్వదు, ఆమె పొయ్యి సంగతి చెప్పు.

మేనకోడలు: ...ఇది నేను లెక్కలకు తీస్కోలేదు.

మామ: తీస్కోవాలె.

మేనకోడలు: తీస్కుంట. అయితే కందిని పక్కకు పెట్టి పత్తి కట్టెతోని మొదలుపెడత. దాన్ని కూడ పొయ్యిల పెట్టేటోళ్ళున్నరు, కాదనను. కని ఫిబ్రవరి, మార్చిల చాల చేన్లల్ల కుప్ప పోసి అంటుపెడుతున్నరు. గులాబీ పురుగు ఆ మోళ్ళల్ల, ఎండిన కాయల్ల దాక్కొని మల్ల పంటకు వస్తది. అందుకని పత్తి కట్టెను చేన్ల ఉంచద్దని వ్యవసాయ శాఖోళ్ళే చెప్తరు. చేను సాఫు కావాల్నని రైతుకే తొందర. ముంబయిలున్న కేంద్ర పత్తి సాంకేతిక పరిశోధన సంస్థ, సిర్‌కాట్, పత్తి కట్టెతోని పార్టికల్ బోర్డు చేసే పద్ధతి ఎప్పుడో తయారు చేసింది. కట్టె తీరు వాళ్ళకు తెలుసు.

మామ: పత్తి కట్టెకు నేను అడ్డం రాను. చేన్ల మంటపెడితే ఆ పొగల నేనే దగ్గుత. కంది మాత్రం ముట్టకు. ముట్టాల్నంటే మోపులు కట్టుకునేటోళ్ళ వంతు పోయినంక మిగిలింది.

మేనకోడలు: ఒప్పుకున్న.

మామ: ఇంకోటి అడుగుత. ప్లాస్టిక్ అసలే వద్దంటే? కంది అనే ఊళ్ళె ఐఐటీ ఉన్నది గద, సంగారెడ్డి కాడ. వాళ్ళు పంట కట్టె, సున్నం కలిపి ఇటుకలు పోసి 2021ల సెక్యూరిటీ గది కట్టిన్రని టీవీల చూసిన. అండ్ల ప్లాస్టిక్ దానా లేదు.

మేనకోడలు: లేదు, మంచి పని. వేడిని ఆపుతది, తేలిక. కని ఆ గదికి ఇనుప ఫ్రేమే బరువు మోస్తది, ఇటుకను వాన నుంచి కాపాడాలె. గోడకు అది, తలుపుకు ఇది. అనంతపురంల శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంల పనిచేసిన ఆచార్యులు ఎ. వరదరాజులు, ఆయనతోని పనిచేసినోళ్ళు చింతగింజల పొడిని సెల్యులోజ్ ఫిల్మ్‌ల కలిపిన్రు. సెల్యులోజ్ కూడ మొక్కదే. అది మట్టిల కలుస్తది. కని సెల్యులోజ్ పీపీ లెక్క కరగదు, ద్రావకంల కరిగించి పల్చగ పరచాలె. చుట్టే కాగితానికి పనికొస్తది, పలకకు కాదు.

మామ: నీ పలక మట్టిల కలుస్తదా?

మేనకోడలు: కలవదు. పీపీ ఉన్నన్ని రోజులు కలవదు.

మామ: మరి బోర్డు మీద ఏం రాస్తవు? ‘పర్యావరణ హితం’ అని ఆకు బొమ్మ వేస్తవా?

మేనకోడలు: వెయ్యను. కట్టె 40, ప్లాస్టిక్ 57, మందు 3 అని రాస్త.

మామ: ఆ ప్లాస్టిక్ కొత్తదా, పాతదా?

మేనకోడలు: పాతదే వాడాలని ఉన్నది. కాటేదాన్ స్క్రాప్‌ల దొరికే పీపీ. అండ్ల ఏమేం కలిసి ఉంటదో నాకంటే నీకే తెలుసు.

మామ: నాకు తెలుసు. అందుకే భయం. నువ్వు కట్టె కలిపిన మాల్ మళ్ళ స్క్రాప్‌లకు వస్తే, తెలియనోడు దాన్ని సాఫు పీపీల కలుపుతడు. వాని బ్యాచంత ఖరాబయితది. నీ పలక నీ కాడికే వాపస్ రావాలె. తలుపు పాతదైతే నువ్వే కొంటనని చెప్పు, పలక మీద గుర్తు అచ్చు వెయ్యి. అది ఖరారైతే మెషిన్ కొనుడు కాడ నేను నీతోని వస్త. కాకుంటే రాను.

మేనకోడలు: రాసిస్త. మరి మోపులు కట్టుకునేటోళ్ళ మాట పంచాయతీల నువ్వే చెప్పాలె. నేను చెప్తే చిన్నపిల్ల అంటరు.

మామ: చెప్త.

వీళ్ళు ఇంత దూరం వచ్చాక నా తీర్పు కూడా చెప్పేస్తాను. మొక్క పొడి ప్లాస్టిక్‌ను బిగువుగా చేస్తుందన్న విషయంలో మేనకోడలు చెప్పింది రుజువైన మాట. కాని ఆ పొడితో కప్పులు, ప్లేట్లు, వాడి పారేసే గిన్నెలు చేసి వాటిని మొక్కల వస్తువులుగా అమ్మడాన్ని నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. పారేసే వస్తువులో కలిపిన కట్టె ఎటూ కాకుండా పోతుంది. మట్టికి ఎరువు కాదు, స్క్రాప్‌కు దానా కాదు. ఇంట్లో పదేళ్ళు కదలకుండా ఉండే పలకలోనే దానికి చోటు ఉంది. అతికే పదార్థం వేయకుండా పొడి ఒక్కటే కలిపి, అది ప్లాస్టిక్‌ను బలపరిచిందని చెప్పుకోవడం కూడా సరికాదు. పైన చెప్పిన కొలతలే అందుకు సాక్ష్యం.

ఇంకొక విషయం. మేనకోడలు చెప్పిన అంకెలు అమెరికా చెక్క పొడివి. నవాబుపేట నల్లరేగడిలో పెరిగిన పత్తి కట్టెవి కావు. ఏ మెషిన్ కొనే ముందైనా మన కట్టెకు మన అంకెలు కావాలి. అందుకు దూరం పోనక్కరలేదు. 1968లో చెన్నైలో మొదలైన ప్లాస్టిక్ ఇంజనీరింగ్ సంస్థ సిపెట్‌కు హైదరాబాద్ చెర్లపల్లిలో కేంద్రం ఉంది. పరిశ్రమల కోసం లాగుడు, వంగుడు, దెబ్బ, నీటి పీల్పు పరీక్షలు అక్కడ చేస్తారు. వికారాబాద్ జిల్లా రైతు ఉత్పత్తిదారుల సంఘాలకు నా విన్నపం ఒక్కటే. వచ్చే మార్చిలో పత్తి కట్టెకు అగ్గిపెట్టే ముందు ఒక బస్తా పక్కన పెట్టండి, ఎండబెట్టి పొడి చేయించండి, చెర్లపల్లికి పంపండి. అంకెలు వచ్చాక వాటిని పంచాయతీ గోడ మీద అంటించండి.